జడ్జిగారి వాంగ్మూలం

శ్రీరామమూర్తిగారు రిటైరై ఏడాది దాటినా, ఆయన కుడిచేతికి మాత్రం ఆ సంగతి ఇంకా తెలియలేదు. కూర్చున్నచోటు నుంచే రెండు వేళ్ళు ముందుకు విసిరి 'కానివ్వండి' అనడం ఆ చేతికి అలవాటు. మున్సిఫ్ మేజిస్ట్రేటుగా మొదలుపెట్టి జిల్లా జడ్జిగా దిగిపోయేదాకా, ఆ వేళ్ళు కదిలితే ప్లీడర్లు లేచేవారు, సాక్షులు బోనెక్కేవారు, బంట్రోతు వరండాలోకి వెళ్ళి పేరు పెట్టి మూడుసార్లు కేకేసేవాడు. ఇంట్లోనూ అదే వరస. కాఫీ రావాలన్నా, టీవీ ఆగాలన్నా ఆ వేళ్ళే. "ఇది కోర్టు హాలు కాదు, నేను బంట్రోతును కాను" అని భార్య వేదవతిగారు పెళ్ళయినప్పటి నుంచీ అంటూనే ఉన్నారు, కాఫీ తెస్తూనే ఉన్నారు.

కతార్‌లో ఉన్న అమ్మాయిని చూడడానికి ఇద్దరూ దోహా వచ్చారు. ఆ శుక్రవారం అల్ షహానియాలో ఒంటెల పందేలు చూపించడానికి వాళ్ళిద్దర్నీ ఖాసీం తీసుకెళ్ళాడు. ఖాసీంది రాయచోటి దగ్గర పల్లె. జడ్జిగారి అమ్మాయి అపూర్వ, అల్లుడు సిద్ధార్థ్‌ల ఇంట్లో హౌస్ డ్రైవరు. ఒంటెల వీపుల మీద మనుషులు లేరు, చిన్న చిన్న మరబొమ్మలున్నాయి. యజమానులు పక్క రోడ్డు మీద కార్లలో పోతూ రిమోటు నొక్కితే ఆ బొమ్మ కొరడా ఝళిపిస్తుంది. జడ్జిగారికి ఆ ఏర్పాటు తెగ నచ్చింది.

"నోరు మెదపకుండా పని ఎలా జరుగుతోందో చూశావా?" అన్నారు.

"మీకు నచ్చక ఇంకెవరికి నచ్చుతుంది లెండి" అన్నారు వేదవతిగారు.

తిరిగొచ్చేసరికి భోజనాల వేళ దాటిపోయింది. ఆయనకు షుగరు. ఆకలేస్తే మనిషి మనిషి కాదు. ఐన్ ఖాలిద్‌లో ఇల్లు ఇంకో నాలుగు వీధుల్లో ఉందనగా రౌండబౌటు దగ్గర ఖాసీం కారు ఆపాడు. ఆపినవాడు కదలడే!

"ఏమయ్యా, ఎంతసేపు?"

"బండ్లు వస్తాండాయి సార్. లోపల తిరుగుతాండే బండిదే హక్కు ఈడ. మనం నిలబడాల."

"ఎక్కడొస్తున్నాయి? అవెక్కడో ఉన్నాయి. ఈలోగా రెండు లారీలు దాటిపోవచ్చు. నీకు లైసెన్సు ఎవడిచ్చాడయ్యా అసలు? పద, పద!"

ఆయన ముందు సీట్ల మధ్యలోంచి ఒంగి, చెయ్యి చాచి, రెండు వేళ్ళూ ఎదురుగా రోడ్డు మీదికి విసిరారు. ఒకసారి కాదు, వరసగా. ఖాసీం స్టీరింగు మీద చేతులు పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. "ఆగండి సార్, బైకు వస్తాంది" అన్నాడు.

"చూశావా వీడి ధైర్యం?" అంటూ జడ్జిగారు భార్య వైపు తిరిగారు. ఆవిడ కళ్ళు మూసుకుని విష్ణు సహస్రనామం చదువుకుంటున్నారు. సరిగ్గా అప్పుడే టైర్లు కీచుమన్నాయి. కారు ముందు భాగానికి ఏదో ధడేల్మని తగిలి కారంతా అదిరింది.

దిగి చూస్తే డెలివరీ బైకు ఒకటి పక్కకు పడి ఉంది. పెట్టె తెరుచుకుని బిర్యానీ అంతా రోడ్డు మీద ఒలికిపోయింది. కుర్రాడి కాలు బైకు కింద ఉంది. "అవ్వా, నా కాలు! అవ్వా!" అని అరుస్తున్నాడు. పరాయి దేశంలో నడిరోడ్డు మీద తెలుగు ఏడుపు వినేసరికి జడ్జిగారు కారు తలుపు పట్టుకుని నిలబడిపోయారు.

ఖాసీం అప్పటికే బైకు పైకెత్తి పక్కకు తీశాడు. "కదలాకు తమ్ముడా, కదలాకు. అంబులెన్సుకు చెప్పినా. ఏ ఊరు మనది?"

"నిజామాబాద్ దిక్కన్నా... గయాజ్ నా పేరు. బండి ఇరిగిందా? కంపెనీ బండన్నా అది."

"కాలు ఇరిగుంటే బండి గురించి అడుగుతావేందిరా నాయనా!"

అంతలో ఖాసీం జేబులో ఫోను మోగింది. సిద్ధార్థ్. ఖాసీం స్పీకరు పెట్టాడు. విషయం విన్న అల్లుడు ముందు దెబ్బల గురించి అడిగాడు. కార్లో ఉన్నవాళ్ళెవరికీ ఏం కాలేదని తెలిశాక గొంతు తగ్గించాడు.

"ఖాసీం, పోలీసులు వచ్చేలోపు మామయ్యగార్నీ అత్తయ్యగార్నీ ట్యాక్సీ ఎక్కించి పంపెయ్. విజిట్ వీసా మీదున్నారు. ఆ వయసులో వాళ్ళను స్టేషన్ మెట్లెక్కిస్తామా? కార్లో నువ్వొక్కడివే ఉన్నావని చెప్పు. నేనొస్తున్నా."

"నేనూ అదే అనుకుంటాండా సార్" అన్నాడు ఖాసీం. మనస్ఫూర్తిగానే అన్నాడు. పెద్దవాళ్ళను పోలీసు స్టేషనుకు తీసుకెళ్ళడమంటే రాయచోటిలోనైనా దోహాలోనైనా తలవంపులే కదా! చెయ్యెత్తి ట్యాక్సీ ఆపాడు, తలుపు తీసి పట్టుకున్నాడు, "నీళ్ళు తాగి పడుకోండి సార్, నేను చూసుకుంటా" అని ధైర్యం కూడా చెప్పాడు.

జడ్జిగారు ఎక్కేశారు. ఆయన ఎందుకెక్కారని అడిగితే ఆయనే చెప్పలేరు. ఎవరో తలుపు తీస్తే ఎక్కడం, ఎవరో తలుపు తీస్తే దిగడం ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ ఉన్నదే. ట్యాక్సీ మలుపు తిరిగాక వెనక్కి చూస్తే, ఖాసీం ఎండలో నిలబడి ఆ కుర్రాడి ముఖానికి తన టోపీ అడ్డం పెడుతున్నాడు.

*

ఖాసీం మర్నాడు సాయంత్రానికి గానీ ఇల్లు చేరలేదు. ముఖం పీక్కుపోయింది. అపూర్వ టీ ఇచ్చి కూర్చోమంటే వంటింటి గడప దగ్గర కూర్చున్నాడు. జడ్జిగారు కుర్చీ తెచ్చుకుని ఎదురుగా కూర్చున్నారు.

"ఏమన్నారు?"

"లైసెన్సు తీసుకున్న్యారు సార్. కేసు తేలేదాంకా దేశం దాటగూడదంట."

గురువారం అతని ప్రయాణం. ఇంట్లో అందరికీ తెలుసు ఆ సంగతి. వారం నుంచి వాడి గది నిండా పౌడర్ డబ్బాలు, చాక్లెట్లు, గౌన్లు. ఖాసీం దోహాకు వచ్చాక పుట్టిన పిల్ల రెహానా. ఇప్పుడు నడుస్తోంది, మాటలూ వచ్చేశాయి. దాన్ని వాడు ఒక్కసారి కూడా ఎత్తుకోలేదు.

"ఫోన్ని చూసి అబ్బా అంటాది సార్. మా యమ్మ ఫోను దాచిపెడితే అబ్బా యాడికి పాయె అని ఏడుస్తాదంట. నేనంటే ఫోనే అనుకోనుండాది" అన్నాడు. నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు.

"కారు నిలబడి ఉందని చెప్పావా?"

"చెప్పినా సార్. ఎట్ల నమ్ముతారు? ఆ పిల్లోడు ఎనక సీట్లో పెద్దాయనొకడు ఉండాడని చెప్పినాడంట. నేనేమో ఎవురూ లేరు, ఒక్కన్నే అని చెప్పినా. ఆ ఆఫీసరు బల్ల గుద్ది కద్దాబ్ అన్న్యాడు. అబద్ధాలకోరని. ఇంగ ఆడనుంచి నేను ఏం చెప్పినా కద్దాబే."

"మేం లేమని ఎందుకు చెప్పావయ్యా?"

ఖాసీం ఆశ్చర్యంగా చూశాడు. "ఉండారని చెప్తే మిమ్మల్ని పిలుస్తారు గదా సార్!"

ఒక అబద్ధమాడినంత మాత్రాన సాక్షి చెప్పిందంతా తోసిపారెయ్యకూడదని, తాలు చెరిగి గింజలు ఏరుకోవాలని జడ్జిగారు ఎన్ని తీర్పుల్లో రాశారో! ఇక్కడి చాట ఆయన చేతిలో లేదు. ఇక్కడ ఆయన గింజో తాలో కూడా ఎవరికీ తెలియదు.

రాత్రి భోజనాల దగ్గర, తాను వెళ్ళి చెబితేనో అన్న మాట ఎత్తితే సిద్ధార్థ్ చెయ్యి కడుక్కుని వచ్చి మళ్ళీ కూర్చున్నాడు. చెడ్డవాడేం కాదు. ఖాసీం తమ్ముళ్ళ ఫీజులు కూడా కట్టినవాడు.

"మామయ్యా, ఇప్పుడు మీరు వెళ్తే ఏమవుతుందో ఆలోచించండి. ఖాసీం అబద్ధం చెప్పాడని ఖాయమవుతుంది. చెప్పించింది నేనని తెలుస్తుంది. మీ టికెట్లు వెనకపడతాయి. వాడికి మంచి లాయర్ని పెడతాను, అది నా బాధ్యత. వాడి ప్రయాణం ఓ రెండు నెలలు వాయిదా పడుతుంది, అంతే కదా."

"అంతే" అన్నారు జడ్జిగారు. వాయిదా వెయ్యడం ఎంత తేలికో ఆయన కంటే తెలిసినవాళ్ళు ఆ ఇంట్లో ఎవరూ లేరు.

పొద్దున్నే పెరటి అరుగు మీద కుర్చీ వేసుకుని కూర్చున్నారు. పెదవులు కదులుతున్నాయి. పక్కన వేదవతిగారు గోరుచిక్కుళ్ళు ఈనెలు తీస్తున్నారు.

"ఏంటా గొణుగుడు?"

"వెళ్ళి చెప్పాలంటే ఏం చెప్పాలా అని. 'డ్రైవరు వాహనాన్ని నిలిపి ఉంచగా, ద్విచక్ర వాహనదారుడు అతివేగంగా వచ్చి ఢీకొనుట నేను కళ్ళారా చూచితిని...'"

"చూశారా?"

"ఏంటి?"

"బైకు వచ్చి తగలడం మీరు చూశారా అని అడుగుతున్నాను."

జడ్జిగారు గొంతు సవరించుకున్నారు. "నీ వైపు తిరిగి ఉన్నానుగా అప్పుడు."

"మరి కళ్ళారా చూచితిని అంటారేం?"

"కారు కదల్లేదని నాకు తెలుసు కదా!"

"ఎలా తెలుసు?"

ఆవిడ చిక్కుడుకాయ విరిచి గిన్నెలో పడేశారు.

"నేను చెప్పనా? మీరు వాణ్ణి తిడుతున్నారు గనక తెలుసు. కదలట్లేదనే కదా తిట్టారు! నేను కళ్ళు మూసుకున్నాను గానీ చెవులు మూసుకోలేదు. 'నీకు లైసెన్సు ఎవడిచ్చాడు' అన్నారు. వాడు మీ మాట వినలేదు. అది చెప్పండి వెళ్ళి."

"అది... అది కూడా చెప్పాలంటావా?"

"అదే చెప్పాలి. మిగతాదంతా మీరు అల్లింది."

సర్వీసులో ఇంత సూటిగా క్రాసు ఎగ్జామిన్ చేసిన ప్లీడరు జడ్జిగారికి తగల్లేదు. ఉక్రోషం ముంచుకొచ్చింది. తనను ఏమనుకుంటోంది ఈవిడ? తన పరువేం కావాలి? ఎవడో కుర్ర ఆఫీసరు ముందు నిలబడి, నేను తొందరపెట్టాను, తిట్టాను అని చెప్పుకోవాలా?

"రెండు రోజులయ్యాక వచ్చిన సాక్షిని ఎవడు నమ్ముతాడే! 'ఇన్నాళ్ళూ ఈ సాక్షి ఏమైపోయాడు' అని నేనే ఎంతమందిని కొట్టిపారేశాను."

వేదవతిగారు గిన్నె పక్కన పెట్టారు. "ఏ ఊరు బదిలీ అయినా ఎవరింటికీ పోవద్దన్నారు. పోలేదు. ఒక్క పెళ్ళి భోజనం చెయ్యలేదు, ఒక్క పేరంటానికి పోలేదు. పక్కింటావిడ శ్రావణ శుక్రవారం వాయనం ఇస్తే, ఆవిడ మరిదికి మీ కోర్టులో కేసుందని తిరిగిచ్చి రమ్మన్నారు. ఇచ్చొచ్చాను. ఆవిడ ముఖం నాకింకా గుర్తుంది. ఇదంతా న్యాయం కోసం అన్నారు, సరేనన్నాను. ఆ న్యాయం మొన్న ట్యాక్సీ ఎక్కి ఇంటికొచ్చేసింది. నాకు సిగ్గేసిందండీ. మీ పక్కనే కూర్చుని నేనూ వచ్చేశాను కదా, నాకూ సిగ్గేసింది."

ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు. జడ్జిగారు లేచి చొక్కా ఇస్త్రీ చేయించమన్నారు. చేత్తో కాదు, నోటితోనే అడిగారు.

ఈ సంగతి వినగానే ఖాసీం గాభరాపడిపోయాడు. "వద్దు సార్! పెద్దోళ్ళు మీరు, జడ్జి సార్, పోలీసోళ్ళ తావుకు వస్తారా? నాకు పాపం తగులుతాది. పోతే రెండు నెలలు, పోనీండి."

"పోలీసులు నా తావుకు వచ్చారయ్యా ఇన్నేళ్ళూ. ఇప్పుడు నేను వెళ్తే అరిగిపోతానా?" అన్నారు జడ్జిగారు. పైకి గట్టిగానే అన్నారు గానీ, చొక్కా గుండీలు ఒకటి తప్పించి పెట్టుకున్నారు.

హాల్లో సిద్ధార్థ్ నిలబడి ఉన్నాడు. అపూర్వ అతని వైపు చూసింది. అతను బల్ల మీది తాళాలు తీసుకున్నాడు. "పదండి మామయ్యా, నేనే తీసుకెళ్తాను. చెప్పమన్నది నేనేగా" అన్నాడు.

*

ట్రాఫిక్ దర్యాప్తు ఆఫీసులో బోను లేదు. ఒక బల్ల, మూడు ప్లాస్టిక్ కుర్చీలు, ఏసీ చల్లదనం. ఆఫీసరు అల్లుడి కంటే చిన్నవాడు, గడ్డం చక్కగా కత్తిరించుకున్నాడు. పక్కన జహాంగీర్ అనే హైదరాబాదాయన కూర్చున్నాడు. అరబ్బీ, ఉర్దూ, తెలుగు మూడూ వచ్చిన దుబాసీ ఆయన. వాంగ్మూలం సాక్షి సొంత భాషలోనే, ఆయన ద్వారానే ఇవ్వాలట.

జడ్జిగారు నిలబడే ఉన్నారు. సాక్షి కూర్చోవడం ఆయన ఎరగరు. "తఫద్దల్" అంటూ ఆఫీసరు కుర్చీ చూపించాక కూర్చున్నారు. ఖాసీం గోడ దగ్గర నిలబడ్డాడు.

ముందు సిద్ధార్థ్ ఇంగ్లీషులో చెప్పేశాడు, అత్తమామల్ని పంపెయ్యమన్నది, ఎవరూ లేరని చెప్పమన్నది తనేనని. ఆఫీసరు కనుబొమలు ముడిచి ఏదో రాసుకున్నాడు. పెన్నుతో జడ్జిగారిని చూపించి, ఇక మీరు చెప్పండన్నట్టు తలూపాడు.

పేరు, తండ్రి పేరు, వయసు అయ్యాయి. తర్వాత అసలు విషయం. జడ్జిగారు ఉన్నదున్నట్టు చెప్పుకొచ్చారు. ఆకలి, షుగరు, తొందర, కారు ఆగడం, తాను కోప్పడడం, సీట్ల మధ్యలోంచి ఒంగి చెయ్యి విసరడం, ఖాసీం కదలకపోవడం, తాను భార్య వైపు తిరగడం, అప్పుడు చప్పుడు. చెబుతున్నంతసేపూ నాలుక తడారిపోతూనే ఉంది. బోనులో నిలబడి మంచినీళ్ళు అడిగినవాళ్ళంతా ఇందుకే అడిగేవారా అనుకున్నారు.

జహాంగీర్ శ్రద్ధగా విన్నాడు. విని, ఆఫీసరు వైపు తిరిగి, చిన్నగా ఓ రెండు మాటలు చెప్పాడు. ఆఫీసరు రాశాడు. కాగితం తిప్పి జడ్జిగారి ముందుకు తోశాడు. జహాంగీర్ కింద చోటు చూపించాడు.

"ఈడ దస్కత్ పెట్టుండ్రి సర్. అయిపోయింది."

జడ్జిగారు పెన్ను పట్టుకున్నారు. కుడి నుంచి ఎడమకు అల్లుకుపోయిన అక్షరాలు. ఒక్కటీ తెలియదు. అందులో ఏముందో, తాను చెప్పిందే ఉందో లేదో తెలియదు. పెన్ను కాగితానికి ఆనకుండా ఆగిపోయింది.

"ఏంగాదు సార్, పెట్టేయండి" అన్నాడు ఖాసీం వెనక నుంచి, ధైర్యం చెబుతున్నట్టు. "మేమంతా అట్లనే పెడతాం. మా నాయన రాయచోటి కోర్టులో ఇంగ్లీషు కాయితం కింద ఏలిముద్దర ఏసినాడు. ఏం రాసిందో ఆయనకు చచ్చేదాంకా తెలీదు."

ఖాసీం మంచికే అన్నాడు. కానీ జడ్జిగారి చెవులు వేడెక్కాయి. పల్లెటూరి సాక్షి పావుగంట చెప్పుకున్నది ఆయన ఇంగ్లీషులో రెండు వాక్యాలు చేసి టైపిస్టుకు చెప్పేవారు. చివర, చదివి వినిపించగా సరియేనని ఒప్పుకొన్నాడు అని ఒక ముక్క తగిలించేవారు. చదివి వినిపించడానికి ఏ రోజు టైముండేది గనక!

పెన్ను కింద పెట్టారు. "ఒకసారి చదివి చెప్పండి బాబూ."

"బరాబరే రాసిండ్రు సర్."

"అయినా సరే, చదవండి."

జహాంగీర్ ఇబ్బందిగా కాగితం తీసుకున్నాడు. "కారు రౌండబౌట్ కాడ ఆగి ఉండె. డ్రైవర్ కారు కదపలే. బైక్ దానంతట అదే వచ్చి తగిలింది. ఇదంతా నేను నా కండ్లతో చూసిన... గంతే సర్."

"నేను చూడలేదన్నానే! తిట్టానని చెప్పాను, చెయ్యి ఊపానని చెప్పాను. అవేవి?"

జహాంగీర్ గొంతు తగ్గించాడు. "మీ ఇజ్జత్ కోసమే సర్. గింత పెద్దమనిషి, డ్రైవర్ని తిట్టిండు, చెయ్యి ఊపిండు అని సర్కారీ కాగితంల ఎట్ల రాపిస్తం? ఖాసీం భాయ్‌కి సుత ఇదే ఫాయిదా. చూసిన అంటెనే సాక్షి. చూడలే అంటే ఇంక మీరు వచ్చుడెందుకు?"

మళ్ళీ మర్యాద! ట్యాక్సీ తలుపు తీసిన మర్యాదే ఇక్కడ కాగితం మీద కూడా తయారైంది. ఆయన వెనక్కి తిరిగి ఖాసీం వైపు చూశారు. ఖాసీం కళ్ళల్లో గురువారం విమానం కనిపిస్తూనే ఉంది.

"సార్... అట్లే ఉండనీండి సార్" అన్నాడు ఖాసీం, వినీ వినపడనట్టు. "బాగుండాది గదా."

బాగానే ఉంది. ఒక్క సంతకం పెడితే చాలు. ఇంతకంటే బలమైన సాక్ష్యం ఉండదు. ఎదురుగా ఇలాంటి సాక్షి నిలబడితే తానూ నమ్మేవాణ్ణేనని ఆయనకు తెలుసు. తప్పు రాశారా అంటే, కారు నిలబడి ఉన్నమాట నిజమే. చూశానన్న ఆ ఒక్క ముక్కే అబద్ధం. ఆ ఒక్క ముక్కా తీసేస్తే ఖాసీం ప్రయాణం గంగపాలైతే? పెన్ను వైపు చెయ్యి పోయింది కూడా.

"వద్దు ఖాసీం" అన్నారు. "నా మర్యాద కోసం చెప్పిన అబద్ధం ఒకటి నిన్ను ఇక్కడిదాకా తెచ్చింది. రెండోది నా చేత్తో సంతకం పెట్టలేనయ్యా. కొట్టేయండి జహాంగీర్‌గారూ. చూడలేదు. తిట్టాను. ఇదిగో, ఇలా చెయ్యి ఊపాను. ఇది ఆయనకు చూపించి చెప్పండి."

కుర్చీలోంచి ముందుకు ఒంగి, చెయ్యి చాచి, ఆఫీసరు ముఖం మీదికే రెండు వేళ్ళు విసిరారు. ఒకటి, రెండు, మూడు. ఖాసీం కళ్ళు మూసుకున్నాడు.

ఆఫీసరు పెన్ను ఆగింది. జహాంగీర్ నసుగుతూ తర్జుమా చేస్తున్నాడు, ఆఫీసరు వినడం లేదు. మళ్ళీ చెయ్యమని సైగ చేశాడు. జడ్జిగారు మళ్ళీ చేశారు. ఆఫీసరు సొరుగులోంచి ఇంకో ఫైలు తీసి, గబగబా కాగితాలు తిప్పి, ఒకచోట వేలు పెట్టి, జహాంగీర్‌తో ఏదో వేగంగా అన్నాడు. జహాంగీర్ నోరు తెరిచాడు.

"యా అల్లా! సర్, అస్పత్రిల ఆ బైక్ పోరడు గిదే చెప్పిండు. కారు లోపల్నుంచి ఒక ముసలాయన ముందుకు ఒంగి పో పో అని గిట్లనే చెయ్యి ఊపిండు, కారు ఉరికొస్తదనుకున్న, భయపడి బ్రేక్ కొట్టిన, ఉసికెల జారిన అని. ముసలాయనే లేడని డ్రైవర్ చెప్పిండు కదా! ముసలాయన లేకుంటే కారు వస్తదని పోరడు ఎందుకు భయపడ్డడు? కారు నిజంగనే కదిలుంటది, గందుకే అని సాబ్ లెక్క కట్టిండు."

"అంటే..."

"అంటే ఏముంది సర్! కారు నిలబడే ఉండె. పోరడు అబద్ధం చెప్పలే, ఖాసీం భాయ్ సుత కారు సంగతి అబద్ధం చెప్పలే. మీ చెయ్యి ఒక్కటే నడుమల తక్కువుండె."

జడ్జిగారు తన కుడిచెయ్యిని ఒళ్ళోకి తీసుకుని, దాన్ని మొదటిసారి చూస్తున్నవాడిలా చూశారు. ఆ పిల్లవాడి కాలు దీనివల్లనే విరిగిందా? "అవ్వా" అన్న అరుపు చెవుల్లో మళ్ళీ వినపడింది.

"అయితే తప్పు నాది. అది కూడా రాయమనండి" అన్నారు మెల్లగా.

జహాంగీర్ చెప్పాడు. ఆఫీసరు ఈసారి నవ్వేశాడు. మనసారా నవ్వాడు. ఏదో చెప్పి, తనూ ముందుకు ఒంగి చెయ్యి ఊపి చూపించాడు.

"వాళ్ళ నాయిన సుత వెనక సీట్ల కూసొని గిట్లనే చేస్తడంట సర్, రోజు లొల్లేనంట. చెయ్యి ఊపుడు మీద కానూన్‌ల కేసు లేదంటుండు. పోరడి కాలు మంచిగ అతుకుతదని డాక్టర్లు చెప్పిండ్రంట, ఫికర్ చెయ్యకుండ్రి. మాఫీ ముష్కిల్."

ఆ చివరి రెండు మాటలకు అర్థం ఖాసీంకు తర్జుమా అవసరం లేకుండానే తెలుసు. ఏ ఇబ్బందీ లేదని. గోడకు చేరగిలబడి, అలాగే జారి కింద కూర్చుండిపోయాడు. సిద్ధార్థ్ పరిగెత్తి భుజం పట్టుకున్నాడు. అబద్ధం చెప్పినందుకు ఆఫీసరు ఇద్దరికీ వేలు చూపించి గట్టిగానే చీవాట్లు పెట్టాడు. పెట్టి, కాగితం మొత్తం కొట్టేసి కొత్తది రాశాడు. జహాంగీర్ ఈసారి అడక్కముందే, తిట్లతో సహా, ప్రతి అక్షరం చదివి వినిపించాడు. జడ్జిగారు తలూపుతూ విని, సరేనని సంతకం పెట్టారు. లైసెన్సు బల్ల మీదికి వచ్చింది, ప్రయాణానికి అడ్డు తీసేస్తామన్న మాట కూడా వచ్చింది.

బయట ఎండ హాయిగా ఉంది. సిద్ధార్థ్ కారు తేవడానికి వెళ్ళాడు. "సాయంత్రం ఆ గయాజ్ దగ్గరికి వెళ్ళాలి. మా వేదవతిని కూడా తీసుకెళ్దాం. ఆవిడకు జనం ఇళ్ళకు వెళ్ళడమంటే ఇష్టం" అన్నారు జడ్జిగారు. ఆకలేస్తోందని ఆయనకు అప్పుడే తెలిసింది.

ఖాసీం మాత్రం వినడం లేదు. అప్పటికే ఊరికి వీడియో కాల్ కలిపేశాడు. తెర మీద వాళ్ళమ్మ ఖాసింబీ, ఆవిడ చంకలో నోట్లో వేలు పెట్టుకున్న రెహానా.

"మా, బేస్తవారం వస్తాండా. టికెట్టు అట్లే ఉండాది. అంతా అయిపాయ. మా సార్ వచ్చి చెప్పినాడు మా, పెద్ద జడ్జి సార్, నాకోసరం పోలీసు స్టేషనుకు వచ్చినాడు!" వాడికి ఏడుపూ నవ్వూ ఒకేసారి వస్తున్నాయి. ఫోను ఉన్నట్టుండి జడ్జిగారి ముఖం ముందు పెట్టేశాడు. "ఈయనే మా. మాట్లాడు."

ఆవిడ గబుక్కున కొంగు తల మీదికి లాక్కుంది. పిల్లను సర్దుకుంది. కువైటంటే తెలుసు గానీ కతార్ ఎక్కడుందో ఆవిడకు తెలియదు. జడ్జి అంటే మాత్రం తెలుసు.

"దండాలు సామీ. మావోడు అబద్ధాలాడేవోడు గాదు సామీ. చిన్నప్పుడు నుంచీ అంతే. మంచోడు. మీరు చూసే ఉంటారు గదా."

జడ్జిగారు ఫోను దగ్గరికి ఒంగారు.

"చూశానమ్మా" అన్నారు. "కళ్ళారా చూశాను."